రేడియేటర్‌కి వాననీళ్ళు

పోయిన వేసవిలో మా అబ్బాయి సెలవు పెట్టి మార్కాపురం వచ్చాడు. వచ్చిన రెండో రోజే పెరట్లో వేపచెట్టు కింద పన్నెండేళ్ళుగా కదలకుండా పడివున్న వాళ్ళ తాతయ్య మెటాడోర్ వ్యాన్ మీది టార్పాలిన్ తీశాడు. 1986 మోడల్ బండి అది. దాన్ని మళ్ళీ నడిచేలా చేసి, నాయనమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి మహానంది తీసుకుపోవాలని వాడి కోరిక.

మెకానిక్ వచ్చి ముందుగా రేడియేటర్ ఊడదీశాడు. పైన తొట్టి విప్పి చూపిస్తే గొట్టాల నోళ్ళు సగానికి పైగా మూసుకుపోయి ఉన్నాయి. పసుపు కలిసిన తెలుపు రంగులో, రాయిలా గట్టిగా పేరుకుపోయి ఉంది. మా అత్తయ్య కర్ర పోటేసుకుంటూ వచ్చి వంగి చూసింది. "గార" అంది. ఒక్క మాటే అని పోయి అరుగు మీద కూర్చుంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఈ బండి చల్లగా ఉండడానికి మా ఇంట్లో ఎవరు ఏం చేశారో రాద్దామని అప్పుడే అనుకున్నాను. రాయబోతే అది బండి కథతో ఆగలేదు, మా నీళ్ళ కథ కూడా అయింది.

ముందు బండి సంగతి. ఎన్.కె. ఫిరోడియా గారు 1958లో బజాజ్ టెంపో కంపెనీ పెట్టి, జర్మనీలోని టెంపో వాళ్ళ మూడు చక్రాల బండిని మన దేశంలో తయారు చేయడం మొదలుపెట్టారు. తర్వాత వచ్చింది మెటాడోర్. మన వయసు వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. పెళ్ళివారు అందులోనే వచ్చేవారు, పాలడబ్బాలూ అందులోనే పోయేవి. మా మావయ్య బండిలో మామూలు రోజుల్లో పలకల పెట్టెలు, ముహూర్తాల రోజుల్లో మనుషులు. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దని వాళ్ళు మన తరంలో తక్కువే కదా. అలా దిద్దిన పలకల్లో కొన్నయినా ఈ బండెక్కి పోయి ఉంటాయి.

1980లలో ఈ మెటాడోర్లకు మెర్సిడెస్ వాళ్ళ ఓఎం 616 అనే డీజిల్ ఇంజన్‌ను లైసెన్సు మీద ఇక్కడే తయారుచేసి బిగించారు. నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు, మొండి ఇంజన్. కానీ అది కూర్చున్న చోటే ఇబ్బంది. కార్లలో లాగా ముందు ముక్కులో కాకుండా డ్రైవరుకీ పక్క సీటుకీ మధ్య, ఒక రేకు పెట్టె కింద ఉంటుంది. అంటే పొయ్యిని నట్టింట్లో పెట్టుకుని చుట్టూ కూర్చున్నట్టు. బయట ఎండ, లోపల ఇంజన్. ఏప్రిల్, మే నెలల్లో ఆ ముందు సీట్లో కూర్చున్న వాళ్ళ కాలు ఒకటి ఉడికినట్టే ఉండేది.

ఇంజన్ ఎందుకు అంత కాలుతుందో మా అబ్బాయి వంటింటి భాషలో చెప్పాడు. మనం పోసే డీజిల్‌లోని శక్తిలో దాదాపు మూడో వంతే చక్రం తిప్పడానికి పనికొస్తుంది. ఇంకో మూడో వంతు పొగగొట్టంలో పోతుంది. మిగతా మూడో వంతు వేడిని దాదాపుగా నీళ్ళే మోసుకుపోవాలి. ఆ నీళ్ళు ఇంజన్ చుట్టూ తిరిగి కాగి, రేడియేటర్ సన్న గొట్టాల్లోకి వచ్చి, ఫ్యాన్ గాలికి చల్లారి మళ్ళీ ఇంజన్‌లోకి పోతాయి. పాలు చల్లార్చడానికి గిన్నెలోంచి గ్లాసులోకి, గ్లాసులోంచి గిన్నెలోకి పోస్తామే, అలాంటిదే.

ఈ నీళ్ళు పోసే పని చరిత్రలో మొదట గట్టిగా చేసింది ఒక ఇల్లాలు. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు కానీ దాన్ని కొనే నాథుడు లేడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ప్‌ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్లకు పైగా దారి. అంత దూరం మోటారు బండిలో పోయిన మొదటి మనిషి ఆమే. ఆ బండికి ఇప్పటిలాంటి రేడియేటర్ లేదు. నీళ్ళు కాగి ఆవిరైపోవడమే దాని చల్లదనం. అందుకని దారిలో కనిపించిన వాగు దగ్గరా, బావి దగ్గరా ఆగి నీళ్ళు పోసుకుంటూ పోయింది. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. పుట్టింటికి పోవడానికి ఆడది ఎంత కష్టమైనా పడుతుందని మా అమ్మమ్మ అనేది. బెర్తా సంగతి వింటే సంబరపడి ఉండేది.

ఆ నీళ్ళ బాధ తగ్గించింది ఇంకో జర్మన్, విల్హెల్మ్ మేబాక్. 1900-01 ప్రాంతంలో ఆయన తేనెపట్టు ఆకారంలో రేడియేటర్ చేశాడు. అందులో 8 వేలకు పైగా సన్నటి గొట్టాలు. గాలి తగిలే చోటు ఎక్కువైంది కాబట్టి 9 లీటర్ల నీళ్ళతోనే పెద్ద ఇంజన్ చల్లగా ఉండగలిగింది. ఆ రేడియేటర్ పెట్టిన కారుకే మెర్సిడెస్ అని పేరు పెట్టారు. అది ఆ కార్లు అమ్మించిన ఎమిల్ యెలినెక్ అనే ఆయన కూతురి పేరు. 1926లో బెంజ్ కంపెనీ, ఈ మెర్సిడెస్ కంపెనీ ఒకటయ్యాయి. వాళ్ళ ఇంజనే అరవై ఏళ్ళ తర్వాత మా పెరట్లోకి వచ్చింది. దానికి బిందెతో నీళ్ళు మోసింది మా అత్తయ్య.

తర్వాత నీళ్ళు తిప్పడానికి పంపు వచ్చింది, రేడియేటర్‌కు ఒత్తిడి మూత వచ్చింది. ఆ మూత మన ప్రెషర్ కుక్కర్ బరువు లాంటిదే. లోపల ఒత్తిడి పెరిగితే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగవు, ఇంకా పైకి పోతాయి. కుక్కర్‌లో 120 డిగ్రీల దాకా పోతాయి. అందుకే వేడి మీదున్న రేడియేటర్ మూత తీయకూడదు. విజిల్ దిగకుండా కుక్కర్ తెరిస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంత తెలివి ఉన్న బండి మా ప్రాంతంలో ఎందుకు ఉడికిపోయేదంటే, రెండు కారణాలు. ఒకటి ఘాట్లు. మాకు పడమట నల్లమల. శ్రీశైలం పోవాలంటే దోర్నాల దాటి కొండెక్కాలి, నంద్యాల పోవాలంటే గిద్దలూరు, దిగువమెట్ట దాటి కొండెక్కాలి. రెండో గేరులో బరువుతో ఎక్కుతుంటే ఇంజన్ శ్రమ ఎక్కువ, బండి వేగం తక్కువ, ఎదురుగాలి తక్కువ. రెండోది నీళ్ళు. మా బోరు నీళ్ళలో సున్నపు లవణాలు ఎక్కువ. కాగినప్పుడు అవి విడిపోయి గోడలకు పట్టుకుంటాయి. టీ గిన్నె అడుగున, వేడినీళ్ళ కాగు లోపల మనం రుద్దే తెల్లటి పెంకు అదే. గిన్నెకు పడితే చింతపండు వేసి తోముతాం. ఇంజన్ లోపల చెయ్యి పట్టదు. గార పట్టిన గొట్టంలో నీళ్ళు సరిగ్గా పారవు, పారినా వేడి బయటికి పోదు.

ఈ కష్టం బండితో మొదలైంది కాదు. 1880లలో నల్లమలను తొలిచి బొగద సొరంగం, దొరబావి వంతెన కట్టి మీటర్‌గేజ్ రైలు వేశారు. ఆ ఆవిరి ఇంజన్లు కూడా స్టేషన్లలో ఆగి నీళ్ళు తాగి కొండెక్కినవే. బాయిలర్లకు కూడా గారే శత్రువు. కంభం చెరువు సంగతి మీకు తెలిసే ఉంటుంది. గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన ఆ చెరువును శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ తవ్వించిందని చెప్పుకుంటారు. ఈ నేలలో మంచినీళ్ళు నిలబెట్టడం కంటే పెద్ద పుణ్యం లేదని ఆమెకు తెలిసినట్టుంది.

ఇక బండి లోపలి చల్లదనం. 1939లోనే అమెరికాలో ప్యాకార్డ్ అనే కంపెనీ కారులో ఏసీ పెట్టి చూపించింది. మా మెటాడోర్‌కు ఆ భాగ్యం లేదు. దాని ఏసీ మా అత్తయ్య. ఇంజన్ పెట్టె మీద కప్పడానికి పాత నేత చీరలు ఏడెనిమిది పొరలు వేసి బొంత కుట్టింది. నూలు పొరల మధ్య గాలి ఉంటుంది, గాలి వేడిని తొందరగా పోనివ్వదు. చలికాలం మనకు వెచ్చగా ఉండేదీ అందుకే, ఎండాకాలం ఇంజన్ వేడి కాలికి తగలనిదీ అందుకే. ఆ బొంతను వారానికోసారి ఉతికేది. నూనె, డీజిల్ ఇంకితే నిప్పు అంటుకుంటుందని ఆమెకు భయం. ఆ భయం సరైనదే.

టాపుకు మావయ్య ఏటా ఉగాది ముందు తెల్లరంగు వేయించేవారు. టాపు మీద తడిపిన గోనెపట్టాలు పరిచేవాళ్ళు. వెనక కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కట్టి, ఆగిన చోటల్లా నీళ్ళు చల్లేవాళ్ళు. ఇవి మొగలుల కాలం నుంచీ ఉన్నవే. బ్రిటిషు వాళ్ళ కాలంలో మొదటి తరగతి రైలు పెట్టెలకు కూడా తడి వట్టివేళ్ళ తెరలు కట్టేవాళ్ళు. నీరు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని తీసుకుపోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేది అలాగే. మాది పొడి ఎండ కాబట్టి ఈ ఉపాయం బాగా పనిచేసేది. అదే బండి ఒంగోలు దాటి సముద్రం వైపు పోతే, గాలిలో తేమ ఎక్కువై, తడకలు తడిపినా ఉక్కపోతే. "కోస్తాకు పోతే నా తడకలు పనిచెయ్యవే" అని అత్తయ్య విసుక్కునేది.

అయితే ఈ చల్లదనం అంతా నీళ్ళతోనే. ఆ నీళ్ళు ఎక్కడివి? వీధి చివర బోరింగు నుంచి మేము కొట్టి తెచ్చినవే. పిల్లలకు, పశువులకు, వంటకు, బండికి, అన్నిటికీ అవే. బండి బయల్దేరే రోజు తెల్లవారుజామున రెండు బిందెలు ఎక్కువ మోయాలి.

2000 మే నెల సంగతి. మా అబ్బాయికి ఏడాది నిండింది. పుట్టువెంట్రుకలు మహానందిలో తీయించాలని పదకొండు మందిమి బండిలో బయల్దేరాం. పది లీటర్ల డబ్బాలు రెండు బండికి, ఇంకోటి తాగడానికి. గిద్దలూరు దాటేసరికే బండికి ఒక డబ్బా పోశారు. దిగువమెట్ట దాటి ఘాటు ఎక్కుతుండగా రెండోదీ అయిపోయింది. ఇంకో నాలుగు మలుపులు తిరిగేసరికి రేడియేటర్ గొట్టం పగిలి, ఇంజన్ పెట్టె సందుల్లోంచి బుస్సుమని ఆవిరి లోపలికి వచ్చింది. పిల్లవాణ్ణి కొంగులో చుట్టుకుని వెనక తలుపులోంచి దూకినట్టే దిగాను.

"మూత ఎవరూ ముట్టుకోబాకండి" అని మావయ్య కేక. అందరం చెట్టు కింద కూర్చున్నాం. అరగంటకు పైగా ఆగి, పగిలిన కొస కోసి, సైకిల్ ట్యూబు చుట్టి బిగించారు. ఇప్పుడు పోయడానికి నీళ్ళు లేవు. మావయ్య వచ్చి తాగే నీళ్ళ డబ్బా వైపు చూశారు కానీ అడగలేదు. మధ్యాహ్నం ఒంటి గంట. పిల్లవాడు ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉన్నాడు.

అత్తయ్య లేచి ఒక చెంబు నింపి నా చేతికిచ్చింది. "ఇవి పిల్లోడివి. నువ్వు కూడా ముట్టుకోబాక" అంది. మిగతా డబ్బా తీసుకెళ్ళి తనే పోసింది. ఇంజన్ ఆడుతుండగా కొంచెం కొంచెంగా, సన్నటి ధారగా. కాలిన ఇనుము మీద ఒక్కసారి చల్లనీళ్ళు పడితే పగులుతుందని ఆమెకు తెలుసు. కాలిన పెనం మీద నీళ్ళు పోసి చూసిన చెయ్యి కదా. గాజులపల్లె చేరి బోరింగు కొట్టుకుని తాగేదాకా పెద్దవాళ్ళం ఎవరం ఒక్క గుక్క కూడా తాగలేదు. మహానంది కోనేట్లో అడుగున ఉన్న రూపాయి కనిపించేంత తేట నీళ్ళు. వాటిని చూసి నాకు ఏడుపొచ్చింది.

తిరిగొచ్చాక మెకానిక్ రేడియేటర్ విప్పి, గొట్టాల్లో కడ్డీలు దూర్చి గార రాల్చాడు. గుప్పెడు పెంకులు మావయ్య చేతిలో పోసి, "మన నీళ్ళు పోస్తే ఏ బండికైనా ఇదే గతి. వాననీళ్ళు పట్టి పోయండి" అని చెప్పాడు. ఆ వానాకాలం నుంచి డాబా మీది నీళ్ళు గొట్టం ద్వారా డ్రమ్ములోకి పట్టాం. మొదటి వాన నీళ్ళు వదిలేసి, తర్వాతివి గుడ్డ కట్టి వడపోసి, మూత బిగించేవాళ్ళం. పిల్లలు ముంచుకుంటారని మావయ్య పగిలిన పలక ముక్క మీద "బండి నీళ్ళు" అని రాయించి డ్రమ్ముకు వేలాడదీశారు. ఆ అక్షరాలు రాసింది నేనే. తెలుగులో బీఏ చదివిన కోడలు కదా, దస్తూరీ బాగుంటుందని.

ఆ తర్వాత మూతలు ఎగరలేదు, ఇంజన్ ఉడకలేదు. అందరం సంతోషించాం. పిల్లలు మాత్రం బోరు నీళ్ళే తాగారు.

మా ఆయన పళ్ళ మీద చిన్నప్పటి నుంచీ గోధుమరంగు చారలు. ఈ వైపు చాలామందికి ఉంటాయి, గారపళ్ళు అంటాం. తోముకోక వచ్చిందని పెళ్ళయిన కొత్తలో నేను కూడా అనుకున్నాను. మా అబ్బాయికి పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చినప్పుడు వాటి మీద అవే చారలు. అప్పుడు డాక్టరు చెబితే తెలిసింది, అది ఫ్లోరైడ్ అని. ఎనిమిదేళ్ళ లోపు, పళ్ళు లోపల తయారవుతున్నప్పుడే పట్టుకుంటుంది. తర్వాత ఎంత తోమినా పోదు. ఎముకలకు పడితే నడుము వంగదు, మెడ తిరగదు. మా అత్తయ్య కర్ర పట్టుకున్నది అరవై దాటకముందే. నీళ్ళు పరీక్ష చేయిస్తే లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటే ఉంది.

సున్నపు గార వేరు, ఫ్లోరైడ్ వేరు. కాచితే సున్నం కొంత గిన్నెకు పట్టుకుంటుంది. ఫ్లోరైడ్ మాత్రం కాచినా పోదు, నీళ్ళు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పిల్లవాడికని నేను శ్రద్ధగా మరగకాచి చల్లార్చి పట్టిన నీళ్ళు అవి. డ్రమ్ములో వాననీళ్ళలో సున్నమూ లేదు, నేలలోంచి వచ్చే ఫ్లోరైడూ లేదు. శుభ్రంగా పట్టి కాచుకుని ఉంటే బండికి పోసిన నీళ్ళే పిల్లలకూ పనికొచ్చేవి. ఆ డ్రమ్ము మీద "బండి నీళ్ళు" అని నేనే రాసిపెట్టాను.

ఇదేదో కొత్తగా కనిపెట్టిన విషయం కూడా కాదు. 1937లోనే షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అంటే మా జిల్లా పుట్టకముందే మా నీళ్ళ సంగతి పుస్తకాలకు ఎక్కింది. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతి కూడా 1970లలోనే వచ్చింది. అయినా మా వీధి బోరింగు దగ్గరికి ఆ మాట రావడానికి నా కొడుకు పళ్ళు రావాల్సి వచ్చింది. ఇంజన్‌కైతే మెకానిక్ విప్పి, గార గుప్పిట్లో పోసి చూపించాడు. మనుషుల్ని విప్పి చూపించేవాళ్ళు లేరు.

ఇప్పుడు బండికి మా అబ్బాయి కొత్త రేడియేటర్ వేయించాడు. ఇంజన్ పెట్టె లోపల వేడి ఆపే పొర అతికించాడు. నీళ్ళూ కూలెంటూ సగం సగం పోయాలట. కూలెంట్ ఉంటే తుప్పు పట్టదు, నీళ్ళు తొందరగా మరగవు. పాత బండి ఉన్నవాళ్ళకు వాడు చెప్పిన జాగ్రత్తలు నాలుగు: బోరు నీళ్ళు పోయొద్దు, ఫ్యాన్ బెల్టు వదులు కానివ్వొద్దు, రబ్బరు గొట్టాలు పగిలేదాకా ఆగకుండా మార్చాలి, వేడెక్కితే బండి పక్కకు తీసి ఆగాలే కానీ మూత తీయొద్దు. బొంత మాత్రం పాతదే వేస్తానన్నాడు. ఉతికి ఆరేశాను.

మొన్న కొట్టు నుంచి డిస్టిల్డ్ వాటర్ డబ్బా, అయిదు లీటర్లది, తెచ్చి అరుగు మీద పెట్టాడు. అత్తయ్య దాన్ని కర్రతో తట్టి చూసింది.

"తాగేవా అబ్బాయ్, బండికా?"

"బండికే నాయనమ్మా."

"ఎప్పుడూ దానికే మంచివి" అంది.